వెన్నెల మడతపెట్టిన తాబేలు

ఆ ఆదివారానికి నుస్రత్ వేసుకున్న ప్రణాళికలో ఒకే ఒక్క పని ఉంది. మధ్యాహ్నం భోజనం కాగానే పిల్లవాణ్ణి భర్త మతీన్‌కు అప్పగించి, కిటికీకి దుప్పటి కట్టి, సాయంత్రం దాకా పడుకోవడం. వారం రోజులుగా ఇంట్లో ఆడపడుచు పెళ్లి సందడి. పెళ్లి గజ్వేల్‌లో, చుట్టాలందరూ సిద్దిపేటలో, వాళ్ల చాయ్‌లన్నీ నుస్రత్ చేతి మీద. పందిరి విప్పించి, కిరాయి కుర్చీలు వెనక్కి పంపి, ఆఖరి చుట్టాన్ని జగదేవ్‌పూర్ బస్సు ఎక్కించేసరికి ఆమెకు నిలబడ్డ చోటే కళ్లు మూతలు పడుతున్నాయి. గోడలు మెత్తగా కనిపిస్తున్నాయి. వంటింటి గిన్నెల చప్పుడు ఎక్కడో నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టుంది.

అప్పుడు ఫోన్ మోగింది. చేసింది ప్రిన్సిపాల్ మహేశ్వరి మేడం. ఆమె నడిపే ప్రైవేటు బడిలోనే నుస్రత్ తెలుగు చెబుతుంది. ఈ ఏడు పిల్లలను విహారయాత్రకు తీసుకుపోవడానికి బస్సులు కుదరలేదట. బదులుగా ఊళ్లోని టాకీసులో ఆడుతున్న ఒక బొమ్మల సినిమా చూపిద్దామని మేడం నిర్ణయించింది. అయితే బొమ్మల సినిమా అన్నంత మాత్రాన ఈ రోజుల్లో గుడ్డిగా నమ్మలేమని, ముందుగా ఎవరైనా చూసి, అందులోని బలాలు, బలహీనతలు ఒక పేజీలో రాసి ఇస్తే నోటీసు బోర్డుకు అంటించి తల్లిదండ్రులకు చూపిస్తానని చెప్పింది.

"మీ తెలుగు మంచిగుంటది నుస్రత్. గందుకే మీకే చెప్తున్న. ఇయ్యాల మ్యాట్నీకి పోయి రాండ్రి."

నుస్రత్ సరేనంది. ఆ బడిలో మహేశ్వరి మేడంకు కాదని చెప్పే పద్ధతిని ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ఆ టాకీసుకు ఈమధ్యే భానుప్రకాశ్ అనే కొత్త మేనేజరు వచ్చాడు. పాత చెక్క కుర్చీలు తీయించి, వెనక్కి వాలే మెత్తటి సీట్లు వేయించాడు. ఏసీ పెట్టించాడు. బయట రోడ్డు మీద ఎండ తారును కరిగిస్తుంటే, లోపల మాత్రం వాన వెలిసిన తెల్లవారుజాములా చల్లగా ఉంది. నుస్రత్ సీట్లో కూర్చుంది. సీటు తనంత తానే ఆమెను వెనక్కి వాల్చుకుంది.

సినిమా పేరు 'చిట్టి తాబేలు సముద్రయానం'. తెరంతా నీలం. సముద్రం మీద అలలు ఒకదాని వెనక ఒకటి, ఏ తొందరా లేకుండా వచ్చి పోతున్నాయి. ఒడ్డున ఒక ముసలి తాబేలు మనవరాలిని పక్కలో వేసుకుని లాలిపాట పాడుతోంది. ఆ గొంతు అచ్చం జగదేవ్‌పూర్‌లో ఉండే తన అమ్మమ్మ, నానీ గొంతులాగే ఉందని నుస్రత్‌కు అనిపించింది.

అలలు మెల్లగా ఆకుపచ్చగా మారాయి. చూస్తే అవి అలలు కావు, జగదేవ్‌పూర్ పొలిమేరలోని మక్కచేన్లు. ముసలి తాబేలు ఆ చేన్ల మీదుగా ఈదుకుంటూ వచ్చి ఒక డాబా ఎక్కింది. డాబా మీద వెన్నెల పరిచి ఉంది. తాబేలు దాని రెండు కొసలు పట్టుకుని దులిపి, గొల్లభామ చీరను మడతపెట్టినట్టు మడత మీద మడత వేసి, ఇనప సందూకులో దాచింది. తర్వాత ఊరంతా కరెంటు పోయింది. జనం టిఫిన్ డబ్బాలు పట్టుకుని డాబా మెట్ల మీద వరస కట్టారు. తాబేలు సందూకు తెరిచి ఒక్కొక్కరి డబ్బాలో ఒక్కో వెన్నెల మడత పెట్టి, "ఇంటికి పోయినంకనే ఇప్పుండ్రి. తొవ్వల ఇప్పితే కారిపోతది," అని చెబుతోంది. నుస్రత్ కూడా డబ్బా చాచింది. డబ్బా వెచ్చగా ఉంది. దాన్ని గుండెకు హత్తుకుని ఆమె మెట్లు దిగుతూనే ఉంది, మెట్లు అయిపోవడం లేదు.

ఇంతలో లైట్లు వెలిగాయి. పిల్లలు చప్పట్లు కొట్టి, ఈలలు వేసి, తలుపుల వైపు పరుగు తీస్తున్నారు.

నుస్రత్ సర్దుకుని కూర్చుంది. మధ్యలో ఒకసారి రెప్ప వాలినట్టు గుర్తుంది, కానీ రెప్పలు అందరికీ వాలుతాయి. లాలిపాట దగ్గర మొదలుపెట్టి ఆఖరు దాకా తాను హాయిగా నిద్రపోయిందని, మక్కచేన్లూ డాబా సందూకూ అన్నీ తన కలేనని ఆమెకు తెలియదు. చెప్పేవాళ్లు కూడా పక్కన ఎవరూ లేరు. చాలా రోజుల తర్వాత ఒళ్లు తేలికగా, మనసు నిండుగా ఉంది. ఇంత మంచి సినిమా చూసి ఎన్నాళ్లయిందో అనుకుంటూ ఇంటికి పోయింది.

ఆ సాయంత్రమే ఒక్క ఊపున సమీక్ష రాసింది. బలాల కింద సముద్రపు నీలిరంగును, లాలిపాటను మెచ్చుకుంది. అన్నిటికన్నా గొప్పది వెన్నెలను మడతపెట్టే సన్నివేశం అని రాసి, దాన్ని తాను చూసింది చూసినట్టుగా వర్ణించింది. ఈ ఒక్క సన్నివేశం కోసం పిల్లలతో పాటు పెద్దలు కూడా ఈ సినిమా చూడాలంది. బలహీనతల దగ్గర కూడా ఆమె మొహమాటపడలేదు. 'నిడివి మరీ తక్కువ. మొదలైందనుకునే లోపే అయిపోతుంది. ఇంటర్వెల్ ఎక్కడ ఇచ్చారో గమనించలేనంత వేగంగా కథ నడుస్తుంది. ప్రతినాయకుడు ఎవరో స్పష్టంగా తెలియదు' అని నిజాయితీగా రాసి మేడంకు పంపింది.

మర్నాడు పొద్దున ఆ పేజీ నోటీసు బోర్డు ఎక్కింది. పిల్లలను దింపడానికి వచ్చిన తల్లులు చదివి, ఫోటోలు తీసుకున్నారు. ఆ ఫోటోలు వాట్సాప్‌లో వీధి నుంచి వీధికి తిరిగి, మూడో రోజుకు ఒక స్థానిక పత్రికలో అచ్చయ్యాయి. పత్రిక భానుప్రకాశ్ చేతికి చిక్కింది. పొద్దున్నుంచీ ఏసీ మెకానిక్కుల వెంట, పాప్‌కార్న్ మిషన్ వెంట తిరిగే ఆయనకు తన టాకీసులో కూర్చుని సినిమా చూసే తీరిక ఎప్పుడూ దొరకలేదు. అయినా వ్యాపారం తెలిసినవాడు. ఆ సాయంత్రానికల్లా టాకీసు ముందు పెద్ద ఫ్లెక్సీ లేచింది. చంద్రుడు, తాబేలు, కింద ఎర్రటి అక్షరాలతో 'వెన్నెలను మడతపెట్టే సీను ఉన్న ఒకే ఒక్క సినిమా'. జనం కుటుంబాలతో కదిలారు. ఒక ఆట పెంచాల్సి వచ్చింది.

మహేశ్వరి మేడం కూడా ఊరుకోలేదు. సినిమా చూసి వచ్చాక పిల్లలందరూ 'వెన్నెల మడత సన్నివేశం నాకు ఎందుకు నచ్చింది' అన్న అంశం మీద వ్యాసం రాయాలని ప్రకటించింది.

బడి పిల్లలను టాకీసుకు తీసుకుపోయిన రోజున నుస్రత్‌కు తలుపు దగ్గర డ్యూటీ పడింది. బాత్రూముకు పోయేవాళ్లను తీసుకుపోవడం, తీసుకురావడం, చెప్పు పోగొట్టుకున్నవాళ్లకు చెప్పు వెతికిపెట్టడం. ఆట అయ్యేదాకా ఆమెకు తెర వైపు చూసే వీలే కలగలేదు. ఒకసారి లోపలికి తొంగి చూస్తే వెనక వరసలో మేడంతో సహా టీచర్లందరి తలలూ ఒకే వైపు వాలి ఉన్నాయి. ఎంత లీనమై చూస్తున్నారో అనుకుని ఆమె మురిసిపోయింది. బయటికి వచ్చాక ఒక్కొక్కరూ ఆమె చేయి పట్టుకుని, ఆ సీను గురించి మీరు రాసింది తక్కువేనన్నారు. లెక్కల టీచరుకైతే కళ్లు కూడా ఎర్రబడ్డాయి.

రెండు రోజుల్లో వ్యాసాలు వచ్చాయి. నోటీసు బోర్డు మీది వాక్యాలే అన్నిటిలోనూ అటూ ఇటూ మారి కనిపించాయి. ఒక్క దీక్షిత వ్యాసం తప్ప. దీక్షిత ఐదో తరగతి పిల్ల. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆమె ఇలా రాసింది: 'ఈ సినిమాలో తాబేలు వెన్నెలను మడతపెట్టలేదు. అసలు వెన్నెలే రాలేదు. రాత్రి వచ్చినప్పుడు తుఫాను ఉంది. కాబట్టి ఆ సన్నివేశం నాకు నచ్చడానికి వీలు లేదు.'

మేడం ఆ కాగితం చదివి ఎర్రబడింది. పిల్ల సినిమా చూడకుండా నిద్రపోయిందని, పోతే పోయింది, పైగా లేదని వాదించడం అబద్ధమని, సోమవారం ప్రార్థన వేళ అందరి ముందూ క్షమాపణ చెప్పాలని తీర్పు ఇచ్చింది. తండ్రిని పిలిపించమంది.

నుస్రత్ మధ్యాహ్నం దీక్షితను ఖాళీ క్లాసురూముకు పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. బెదిరించకుండా, సినిమాలో ఏమేమి చూశావో చెప్పమంది. పిల్ల మెల్లగా మొదలుపెట్టింది. పీత ఒకటి చిట్టి తాబేలుకు దోస్తు అయిందట. పాత పడవలో ఇద్దరూ పోతుంటే సొరచేప వెంటపడిందట. నుస్రత్‌కు పీత గుర్తుకు రాలేదు. పడవ గుర్తుకు రాలేదు.

"సొరచేప ఎప్పుడొచ్చింది?" అని అడిగింది.

"ఇంటర్వెల్ ముంగట, టీచర్. పడవ ఇరగ్గొట్టింది గదా. అందరం ఒర్లినం."

"మరి ముసలి తాబేలు? డాబా ఎక్కుతది గదా?"

దీక్షిత ఆమె వైపు జాలిగా చూసింది. "ముసలి తాబేలు పాట పాడినంక సచ్చిపోయింది టీచర్. మొదట్లనే."

కిటికీ బయట పిల్లలు ఆడుకుంటున్న చప్పుడు దూరంగా, అలల్లా వినిపించింది. సముద్రానికి, మక్కచేన్లకు మధ్య ఎక్కడో తాను గడప దాటిందని, అటు తర్వాత చూసిందంతా తన సొంతమని అప్పుడు నుస్రత్‌కు అర్థమైంది. ఇక ఆ టిఫిన్ డబ్బా వెచ్చదనం తలుచుకోవడానికి కూడా సిగ్గేసింది. నిద్రపోయింది తాను, నిద్రపోయిందన్న నింద మోస్తున్నది ఈ పిల్ల.

నేరుగా మేడం గదికి పోయింది. నోరు తెరిచే లోపే మేడం ఆమెను అభినందించింది. జిల్లా విద్యాశాఖ వాళ్ల మీటింగులో ఆ సన్నివేశం గురించి తాను స్వయంగా వర్ణించి చెప్పానని, విన్నవాళ్లు కదిలిపోయారని చెప్పింది. నుస్రత్ గొంతు సవరించుకుంది.

"మేడం, ఆ సీను నేను సరిగ చూడలేదేమో అనిపిస్తున్నది."

"నేను చూసిన గదా," అంది మేడం, పెన్ను మూత పెడుతూ. "మీరు ఊకె భయపడకుండ్రి."

మర్నాడు దీక్షిత తండ్రి సాంబయ్య వచ్చాడు. ఆయనది బస్టాండు దగ్గర టిఫిన్ సెంటరు. కోడి కూయక ముందే లేచి ఇడ్లీ పిండి కలిపే మనిషి, పగలంతా నిలబడే ఉంటాడు. చేతికి అంటిన పిండి కూడా కడుక్కోకుండా వచ్చి మేడం ముందు నిలబడ్డాడు. తన బిడ్డ అబద్ధం ఆడదని, ఆడితే చెవి కొస ఎర్రబడి దొరికిపోతుందని, ఇప్పుడు చెవి మామూలుగానే ఉందని చెప్పాడు. మేడం ఒప్పుకోలేదు. అక్కడి నుంచి ఆయన టాకీసుకు పోయాడు. దారిలో ఆయన దగ్గర రోజూ దోసెలు తినే నలుగురు కలిశారు. వాళ్ల పిల్లలు కూడా సీను లేదనే అంటున్నారట. ఆటల సంఖ్య పెంచడానికి మేనేజరే సినిమా కత్తిరించాడని ఎవరో అన్నారు. టాకీసు గేటు చేరేసరికి ఆ మాటకు ఒక గుంపు తయారైంది.

భానుప్రకాశ్ ఇరుకున పడ్డాడు. సీను లేదంటే ఫ్లెక్సీ మోసమవుతుంది. ఉందంటే కత్తిరించింది తానే అవుతాడు. అటు బడికి ఫోన్ చేసి మేడంతో మాట్లాడి, చివరికి అందరూ ఒక ఒప్పందానికి వచ్చారు. శనివారం పొద్దున మేడం, సాంబయ్య, భానుప్రకాశ్, సమీక్ష రాసిన నుస్రత్, ఆ పిల్ల, అందరూ కూర్చుని సినిమా మొదటి నుంచి చివరి దాకా చూడాలి. సీను ఉంటే దీక్షిత సోమవారం క్షమాపణ చెబుతుంది. లేకపోతే ఫ్లెక్సీ, సమీక్ష రెండూ దిగిపోతాయి.

శనివారం దాకా నుస్రత్‌కు అన్నం సహించలేదు. తప్పు ఒప్పుకుందామని మళ్లీ రెండుసార్లు మేడం గది దాకా పోయింది. రెండుసార్లూ మేడం ఆమె భుజం తట్టి పంపేసింది. ఇంట్లో మతీన్‌కు చెబితే అతను నవ్వు ఆపుకోలేక అవతలి గదిలోకి పోయి నవ్వుకుని వచ్చాడు. శనివారం పొద్దున ఆమె గట్టి చాయ్ తాగి, మళ్లీ తాగి, టాకీసుకు బయల్దేరింది. అందరూ సినిమా చూసిన తర్వాత ఇక దాచడానికేమీ ఉండదు. తన పరువు పోతుంది, పిల్ల నింద నుంచి బయటపడుతుంది. అంతే చాలనుకుంది.

లైట్లు ఆరాయి. నీలం తెర మీద అలలు వచ్చి పోతున్నాయి. మహేశ్వరి మేడం తీర్పు చెప్పే మనిషిలా నిటారుగా, గడ్డం పైకెత్తి కూర్చుంది. ఆమె పక్కన భానుప్రకాశ్, ఆ పక్కన సాంబయ్య. ముసలి తాబేలు లాలిపాట ఎత్తుకుంది. నుస్రత్ తన కళ్లను వేళ్లతో పట్టుకుని తెరిచింది. పాట రెండో చరణంలో సాంబయ్య తల ఛాతీ మీదికి వాలింది. మూడో చరణంలో, వచ్చినప్పటి నుంచీ ఒక్కసారి కూడా కూర్చోవడం కుదరని మేనేజరు తాను కొన్న సీటు ఎంత మెత్తగా ఉందో మొదటిసారి తెలుసుకుని, నోరు తెరిచి నిద్రలో మునిగిపోయాడు. మేడం మాత్రం కదలలేదు. నుస్రత్ వంగి చూస్తే, కళ్లద్దాల వెనక మేడం కళ్లు గౌరవంగా మూసి ఉన్నాయి.

ఆ పెద్ద హాలులో మేలుకుని ఉన్నది వాళ్లిద్దరే. దీక్షిత జరిగి వచ్చి టీచరు పక్క సీట్లో కూర్చుంది. పీత వచ్చే ముందు "ఇప్పుడు పీత వస్తది," అని, తుఫానుకు ముందు "చెవులు మూసుకోండ్రి," అని చిన్నగా చెబుతూ పోయింది. నీలం, ఊదా, వెండి రంగులు ఇద్దరి ముఖాల మీదుగా నీళ్లలా జారిపోతున్నాయి. సముద్రం అడుగున వెలుగుతున్న చేపల మధ్య నుంచి చిట్టి తాబేలు ఒంటరిగా పోతుంటే నుస్రత్ ఊపిరి బిగబట్టింది. దోస్తు పీతను వెతుక్కుంటూ తాబేలు వెనక్కి మళ్లినప్పుడు ఆమెకు ఏడుపొచ్చింది. పిల్ల తన స్కార్ఫు కొస అందించింది. తాను కలగన్నదానికీ దీనికీ పోలికే లేదు. ఇది వేరే సినిమా, ఇదీ మంచిదే.

లైట్లు వెలిగాయి. ఎవరి కునుకులోంచి వాళ్లు గబగబా పైకి తేలారు. ముందుగా మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"చూసిన్రా? ఎంత మంచిగ తీసిండ్రో."

"నేను చెప్పలే మేడం? అట్లనే ఉన్నది, ఒక్క ఫ్రేము గూడ పోలేదు," అన్నాడు భానుప్రకాశ్, మూతి తుడుచుకుని.

అందరూ సాంబయ్య వైపు చూశారు. ఆయన ఎర్రటి కళ్లతో తెరను, మేడంను, కూతురిని మార్చి మార్చి చూశాడు. బిడ్డ కోసం ఊరంతా లేపి, తీరా న్యాయం జరిగే వేళకు కన్నంటుకుందని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

"ఉన్నది బిడ్డా," అన్నాడు నెమ్మదిగా. "నేనే చూసిన."

దీక్షిత ముఖం పాలిపోయింది. నుస్రత్ లేచి నిలబడింది. ఆ సీను సినిమాలో లేదని, మొదటి రోజు తాను నిద్రపోయిందని, రాసిందంతా తన కలేనని గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. ఈ రోజు మాత్రం మొత్తం చూశానంది. పీత గురించి, విరిగిన పడవ గురించి, చివరికి మంచిదైపోయిన సొరచేప గురించి వరసగా చెప్పింది.

ముగ్గురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మహేశ్వరి మేడం దగ్గరికి వచ్చి ఆమె చేయి పట్టుకుంది.

"నుస్రత్, పెళ్లి పనులల్ల మీరు బాగ అలిసిపోయిన్రు. ఇయ్యాల గూడ కన్నంటుకున్నది. కలల సొరచేపలు గూడ వచ్చినయి, పాపం."

"గురక గూడ ఇనొచ్చింది," అన్నాడు భానుప్రకాశ్. "ఎవరిదో అనుకున్న."

"నేను గూడ ఇన్న," అన్నాడు సాంబయ్య, అటు తిరిగి.

"నేను గూడ సొరచేపను చూసిన," అంది దీక్షిత.

"అంటే నువ్వు గూడ పండుకున్నవన్నట్టు," అంది మేడం, ఇప్పుడు అంతా తేలిపోయినంత తృప్తిగా. నిద్రపోవడం నేరం కాదని, కలను నిజమనుకోవడం అబద్ధం కాదని, కాబట్టి క్షమాపణ అక్కర్లేదని అక్కడికక్కడే తన పాత తీర్పును కొట్టేసింది. సాంబయ్య కూతురి తల నిమిరి, ఎవరి కళ్లలోకీ చూడకుండా, దోసెల వేళ అయిందంటూ వెళ్లిపోయాడు. పిల్లను ఇంటి దగ్గర తాను దింపుతానంది నుస్రత్.

ఇద్దరూ టాకీసు మెట్ల మీద నీడ చూసుకుని కూర్చున్నారు. నుస్రత్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు, కానీ భుజాల మీది బరువు దిగిపోయింది. సినిమా ఎట్లా ఉందని దీక్షిత ఆమెను అడిగింది. నుస్రత్ తుఫాను రంగులు, పీత మాటలు బాగున్నాయని, పాటలు మాత్రం ఎక్కువయ్యాయని చెప్పింది. సొరచేప అంత తొందరగా మారిపోవడం తనకూ నచ్చలేదంది దీక్షిత. ఇంకా ఏం బాగాలేదని అడిగితే, పిల్ల మోకాళ్ల మీద గడ్డం ఆనించింది.

"ముసలవ్వ అంత జల్ది సచ్చిపోవుడు బాగలేదు టీచర్," అంది. "బతికుంటే మీరు రాసిన పనంత చేస్తుండె."

సోమవారం నోటీసు బోర్డు మీద కొత్త కాగితం వెలిసింది. ఇకమీదట సినిమాలు చూసి సమీక్ష రాసే బాధ్యత మెలకువగా ఉండగల మనిషికే అప్పగించాలని నిర్ణయించి, దాన్ని మహేశ్వరి మేడం తానే తీసుకుంది.